ముందు జేకబ్సా, అలెగ్జాండరా?

పట్టణ ప్రణాళిక గురించి ఏం చదవాలని ఎవరినడిగినా ముందు రచయిత్రి జేన్ జేకబ్స్ పేరే చెబుతారు. 1961లో వచ్చిన 'ద డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్' గొప్ప పుస్తకమే, కాదనను. కాకపోతే అది పోట్లాట పుస్తకం. ఎబెనెజర్ హోవార్డ్ గార్డెన్ సిటీ (చుట్టూ పచ్చదనంతో విడిగా కట్టే చిన్న పట్టణం) ఏంటో, ఆర్కిటెక్ట్ లె కార్బూజియే టవర్లు (పార్కుల మధ్య ఎత్తైన భవనాలు) ఏంటో కొంచెమైనా తెలియకుండా దాన్ని పట్టుకుంటే, ఆ దెబ్బలు ఎవరికి తగులుతున్నాయో సగం చోట్ల అర్థం కాదు.

అందుకే, తన చుట్టూ ఉన్న వీధినో కాలనీనో అర్థం చేసుకుందామనుకునేవాళ్లకి నేను ముందు ఆర్కిటెక్ట్ క్రిస్టఫర్ అలెగ్జాండర్ బృందం 1977లో తెచ్చిన 'ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్' ఇస్తాను. వెయ్యి పేజీలు దాటిన ఆ లావు చూసి భయపడొద్దు, అది డిక్షనరీలా వాడుకునేది (మొదటి పేజీ నుంచి వరసగా చదవబోయి ఒకసారి మానేశాను). మొత్తం 253 ప్యాటర్న్‌లు, అంటే ఒక్కో సమస్యకి ఒక్కో డిజైన్ సూత్రం, ఊళ్ల అమరికతో మొదలై గదులు, కిటికీల దాకా దిగుతాయి. బాల్కనీకి ఆరడుగుల లోతు లేకపోతే దాన్ని ఎవరూ పెద్దగా వాడరు అంటారు ఒకచోట. అది చదివాక టేపు పట్టుకుని కొలవకుండా ఉండలేం. ఇంకో మంచి సంగతి, తమకి ఎంత నమ్మకముందో ప్రతి ప్యాటర్న్ పక్కనా నక్షత్రాలతో చెప్పేశారు: రెండుంటే గట్టి నమ్మకం, ఒక్కటీ లేకపోతే ఇదింకా తేలలేదని. ప్లానింగ్ పుస్తకాల్లో ఇంత నిజాయితీ అరుదు.

అలాగని ఆ పుస్తకం చెప్పిందల్లా ఒప్పేసుకోలేం. చాలా వరకు భవనాలు నాలుగంతస్తులు దాటకూడదంటుంది 21వ ప్యాటర్న్. భూమి దొరకని నగరంలో అదెలా కుదురుతుంది? ఇక్కడే జేకబ్స్ కావాలి. వీధి బతకాలంటే జనం ఒత్తుగా ఉండాలి, రకరకాల పనులు కలిసి ఉండాలి, బ్లాకులు (రెండు అడ్డవీధుల మధ్య దూరం) పొట్టిగా ఉండాలి, పాత భవనాలు కూడా మిగలాలి అంటుందావిడ. ఆ చివరిది చాలామంది పాతదనం మీద మమకారం అనుకుంటారు గానీ ఆవిడ లెక్క వేరు: కొత్త కట్టడం అద్దె చిన్న వ్యాపారి మోయలేడు, అంతే.

నగరాల మీదే రాసిన కెవిన్ లించ్ 1960 పుస్తకం 'ది ఇమేజ్ ఆఫ్ ద సిటీ', ఆర్కిటెక్ట్ యాన్ గేల్ పుస్తకాలు ఆ తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. అలెగ్జాండర్‌లో మాత్రం 61వ ప్యాటర్న్ దగ్గర మొదలుపెట్టండి. జనం కూడే చిన్న చౌకు అడ్డంగా 70 అడుగులు దాటితే బోసిపోతుందంటారక్కడ. మీకు తెలిసిన ఖాళీ మైదానం ఏదో ఒకటి వెంటనే గుర్తొస్తుంది.