చెత్తకు టన్నుల లెక్క కడితే ఇంతే

హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్‌లో దాదాపు కోటీ 20 లక్షల టన్నుల పాత చెత్తను కప్పి ఉంచారు. కప్పినంత మాత్రాన కష్టం తీరలేదు. గుట్ట నుంచి ఊరిన మురుగు మల్కారం చెరువును పాడుచేసింది. వాసన భరించలేక చుట్టుపక్కల కాలనీలవాళ్లు ఏళ్లుగా ధర్నాలు చేస్తున్నారు. మహానగరం భారమంతా వాళ్ల నెత్తిన పెట్టడం అన్యాయం.

జనానికి బుద్ధి లేదనడం మున్సిపాలిటీలకు అలవాటు. 2015లో హైదరాబాద్‌లో ఇంటింటికీ పచ్చ, నీలం డబ్బాలు పంచారు. ఎంతోమంది ఇల్లాళ్లు ఓపిగ్గా తడి, పొడి వేరుచేశారు. తీరా గుమ్మం ముందుకొచ్చిన ఆటోలో రెండూ ఒకే కుప్పలో పడితే ఎన్నాళ్లు చేస్తారు?

అసలు చిక్కు బిల్లుల దగ్గరుంది. చాలా నగరాల్లో యార్డుకు ఎన్ని టన్నులు చేరితే కాంట్రాక్టరుకు అన్ని డబ్బులు. మన చెత్తలో సగం దాకా తడిదే, బరువూ దానిదే. వార్డులోనే దాన్ని ఎరువు చేస్తే బిల్లు తగ్గుతుంది. కలిపి పంపితేనే లాభమైనప్పుడు వేరుచేయమని ఎవరికి చెప్పి ఏం ప్రయోజనం? ఆ కలగాపులగం చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటులో సరిగా మండదు. కంపోస్టు చేద్దామంటే గాజుపెంకులున్న ఎరువును ఏ రైతూ పొలంలో వేసుకోడు.

పెద్ద బడ్జెట్ లేని సూర్యాపేట 2000ల మొదట్లోనే తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్చి, పొడి చెత్తను అమ్మి దారి చూపింది. ఇండోర్‌లో రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి గ్యాస్ తీసే ప్లాంటు 2022లో మొదలైంది. అక్కడ ఇంటి దగ్గరే చెత్త వేరవుతుంది కాబట్టే అది సాధ్యమైంది. పుణెలో చెత్త ఏరుకుని బతికేవాళ్లే సహకార సంఘంగా ఏర్పడి, 2008 నుంచి నగరపాలక సంస్థ ఒప్పందంతో ఇంటింటి సేకరణ చేస్తున్నారు. మన దగ్గర వాళ్లకు గ్లవ్స్ కూడా దిక్కులేదు.

రోజుకు వంద కిలోలు దాటి చెత్త వచ్చే హోటళ్లు, అపార్టుమెంట్లు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే శుద్ధి చేయాలని కేంద్రం తెచ్చిన 2016 చెత్త నిర్వహణ నిబంధనలే చెప్పాయి. ఫంక్షన్ హాళ్ల దగ్గర గుట్టలు చూస్తే అమలు ఎంతో తెలుస్తుంది. జరిమానాలు అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

వచ్చే టెండర్లలోనే బరువు లెక్కను మార్చి, వేరుచేసి తెచ్చిన చెత్తకే పూర్తి డబ్బు ఇవ్వాలి. ఏ వార్డు నుంచి యార్డుకు వెళ్లే లారీలు ఎన్ని తగ్గాయో నెలనెలా ప్రకటించాలి.