సవరణ: హెచ్‌పీ లెక్కలో నా పొరపాటు

మొన్నటి పోస్టులో మోటారు శక్తిని చెప్పే కిలోవాట్లను 0.746తో గుణిస్తే హెచ్‌పీ (హార్స్‌పవర్) వస్తుందని రాశాను. తప్పు. భాగించాలి. నర్సంపేట దగ్గర వ్యవసాయం చేసే మా బాబాయి తన బావి మోటారు ప్లేటు ఫొటో పంపి, "మరి నాది రెండు ముప్పావు హెచ్‌పీయేనారా?" అని అడిగితే గానీ నాకు వెలగలేదు. ప్లేటు మీద 3.7 కిలోవాట్లు, పక్కనే 5 హెచ్‌పీ అని స్పష్టంగా ఉంది. 3.7ని 0.746తో భాగిస్తే 4.96, అంటే అయిదే.

ఇంకోటి, కార్ల బ్రోచర్లలో కనిపించే పీఎస్, హెచ్‌పీ ఒకటేనన్నాను. అదీ కాదు. పీఎస్ అంటే మెట్రిక్ హార్స్‌పవర్: 75 కిలోల బరువును సెకనులో ఒక మీటరు పైకి లేపే శక్తి, 735.5 వాట్లు. బ్రిటిష్ హెచ్‌పీ 745.7 వాట్లు. కాబట్టి 100 పీఎస్ కారు 98.6 హెచ్‌పీ. నడిపేటప్పుడు ఆ తేడా ఎవరికీ తెలియదనుకోండి. పాత పోస్టులో రెండూ సరిచేశాను.