ఆ పిల్లను తెలుగు అడిగే హక్కు మనకెక్కడిది?

ఏడు రోడ్ల దగ్గర హోటల్ నుంచి ఇప్పుడే ఇంటికొచ్చాను. కోపం ఇంకా దిగలేదు.

పక్క టేబుల్ దగ్గర ఒక అమ్మాయి, ఆమెను పెంచిన విదేశీ తల్లిదండ్రులు, వాళ్లకు ఊరు చూపిస్తున్న ఒకాయన కూర్చున్నారు. చిన్నప్పుడు మన కడప నుంచే దత్తతకు వెళ్లిందట. పుట్టిన ఊరు చూడాలని వచ్చింది. కారం దోసె మంటకు కళ్లు తుడుచుకుంటూ కూడా ఇష్టంగా తింటోంది. మా వీధి పెద్దాయన ఒకడు మధ్యలో దూరి, "ఏం పాపా, నువ్వు పుట్టింది ఈడేనంట గదా, ఒక్క ముక్క గూడా రాదా? అంతా మర్సిపోయినావా?" అన్నాడు. చుట్టూ ఉన్నోళ్లు నవ్వారు. ఆ అమ్మాయి పక్కనాయన్ని అడిగి అర్థం తెలుసుకుంది. మొహం చిన్నబోయింది. సారీ అంది.

ఆమె ఎందుకు చెప్పాలి సారీ? ఆమెకు మనం చెప్పాలి!

ఆ వయసు పిల్లలు విమానం ఎక్కి కొత్త ఇంట్లో దిగితే ఆకలి చెప్పుకోవాలన్నా, భయం చెప్పుకోవాలన్నా కొత్త భాషే దిక్కు. తెలుగులో ఏడిస్తే అర్థం చేసుకునే మనిషి ఒక్కరూ ఉండరు. నెలల్లోనే పాత మాటలు జారిపోతాయి. కొరియా నుంచి మూడేళ్లకూ ఎనిమిదేళ్లకూ మధ్య వయసులో ఫ్రాన్స్‌కు దత్తత వెళ్లినవాళ్లను పెద్దయ్యాక పరీక్షించారు, 2003లో ఆ ఫలితాలు వచ్చాయి. కొరియా మాటలు వినిపిస్తే అవి తమ భాషవని గుర్తుపట్టలేకపోయారు. ఎనిమిదేళ్ల పిల్లంటే మూడో తరగతి. గలగలా మాట్లాడే వయసు. అంత భాషా పోయింది. దాన్ని పొగరు అంటారా?

ఇంకో సంగతి వినండి. చైనాలో పుట్టి, పసికందులుగా కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే ఇళ్లకు చేరిన ఆడపిల్లలను మాంట్రియల్‌లో పరిశీలించారు. 2014 నాటి మాట. చైనా భాష ఒక్క ముక్క రాదు వాళ్లకు. అయినా ఆ భాషలో మాట పలికే స్వరాల ఎత్తుపల్లాలు వినిపిస్తే వాళ్ల మెదడు చైనా భాష మాట్లాడే పిల్లల మెదడు లాగే స్పందించింది. నెదర్లాండ్స్‌లో పెరిగిన కొరియా దత్తత పిల్లలు కూడా పెద్దయ్యాక ఆ భాష శబ్దాలు నేర్పితే మిగతావాళ్లకంటే బాగా పట్టుకున్నారు. ఆరు నెలలు నిండకముందే వెళ్లినవాళ్లు కూడా! అంటే మాట పోయినా లోపల జాడ ఉంది. ఈ అమ్మాయిని చూసి నవ్వకుండా, పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు నేర్పి ఉంటే ఎంత బాగుండేది. మనకు నవ్వడమే వచ్చింది.

అసలు కొంచెం పెద్దపిల్లలు, వైకల్యం ఉన్న పిల్లలు ఎక్కువగా విదేశాలకే ఎందుకు వెళ్తున్నారు? మనవాళ్లందరికీ నెలల బిడ్డే కావాలి, ఆరోగ్యంగా ఉండాలి, తెల్లగా ఉంటే ఇంకా మంచిది. ఐదేళ్ల పిల్లను చూపిస్తే "మనకు అలవాటు కాదులే" అంటారు. ఇక్కడ ఎవరూ వద్దన్న పిల్లను ఎవరో తీసుకెళ్లి కడుపులో పెట్టుకుని పెంచితే, తిరిగొచ్చిన రోజు తెలుగు పరీక్ష పెట్టేది మనమే. బిడ్డ భాషా నేపథ్యాన్ని పట్టించుకోవాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 1989లోనే రాశారు. పంపేటప్పుడు ఎవరు పట్టించుకున్నారు? ఆ బిడ్డను ఎత్తుకుని తిరిగిన ఆయమ్మ పాడే పాట ఒకటి రికార్డు చేసి ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది?

ఇదే ఊరికి 1820లో బ్రౌన్ దొర వచ్చాడు. తెలుగు ఆయన పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, పగలూ రాత్రీ వాళ్లతో పనిచేసి నిఘంటువు రాసేంతవాడయ్యాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఈరోజు ఆయన పేరుతో లైబ్రరీ ఉంది. చుట్టూ మాట్లాడే మనుషులుంటే భాష వస్తుంది, లేకపోతే పోతుంది. ఆ పెద్దాయన ఇల్లు ఆ లైబ్రరీకి ఎంతో దూరం కాదు.

ఆ పెద్దాయన మనవడు బెంగళూరులో ఉంటాడు. సెలవులకు వస్తే అవ్వతో మాట్లాడలేడు. "మావాడు ఇంగ్లీషు తప్ప ఏమీ మాట్లాడడు" అని పోయిన పండక్కి వీధంతా తిరిగి చెప్పుకున్నాడు ఈయనే! ఆ పిల్లవాడిని ఎవరూ దత్తతకు తీసుకెళ్లలేదు. అమ్మా నాన్నా ఇద్దరూ తెలుగువాళ్లే, పక్కనే ఉన్నారు.

మా అక్క కూతురు కర్నూలులో ఒక ప్రైవేటు స్కూల్లో చదువుతోంది. తెలుగులో మాట్లాడితే ఫైన్. ఆ ఫైన్ మా బావ సంతోషంగా కడతాడు. ఇంట్లో "యాడికి పోతాండావ్" అంటే "అట్ల మాట్లాడొద్దు, మోటుగా ఉంటుంది" అని ఆ పిల్లకు చెప్పేది మా అక్కే. మా అక్క కూడా ఆ మాటలతోనే పెరిగింది కదా! నేను హైదరాబాద్‌లో చదివిన రోజుల్లో నోరు తెరిస్తే చాలు, "సీమోడు వచ్చాడు, బాంబులు తెచ్చావా" అనేవాళ్లు. సినిమాల్లో కత్తి పట్టినవాడికే మన యాస పెడతారు. మనం సిగ్గుపడి, ఆ సిగ్గునే పిల్లలకు ఇస్తున్నాం. వేమన తిరిగిన సీమ ఇది. ఆయన పద్యాల్లో మోటుతనం ఎవరికి కనబడింది?

కామెంట్లలో "ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగం ఎట్లా" అని మొదలుపెట్టకండి. ఇంగ్లీషు నేర్పొద్దని నేను అనడం లేదు. ఆ అమ్మాయి ఇంకో రెండు రోజులు ఊర్లోనే ఉంటుందట. మీకు ఎక్కడైనా కనబడితే తెలుగు వచ్చా అని అడక్కండి. నమస్తే అమ్మా, తిన్నావా అని నిదానంగా, తెలుగులోనే పలకరించండి.