సవరణ: రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్ళకు ఉచిత చికిత్స గురించి
కావలి దగ్గర హైవే మీద మా బావమరిదికి యాక్సిడెంట్ అయినప్పుడు పెట్టిన పోస్టులో, బండికి ఇన్సూరెన్స్ లేకపోతే కేంద్రం ఇచ్చే నగదు రహిత చికిత్స వర్తించదని రాశాను. అది తప్పు. కేంద్ర రవాణా శాఖ 2025 మేలో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ఏ రోడ్డు మీదైనా మోటారు వాహనం వల్ల గాయపడితే చాలు, గుద్దిన బండి ఆగకుండా వెళ్ళిపోయినా సరే, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు మనిషికి 1.5 లక్షల రూపాయల దాకా చికిత్స ఉంటుంది. అయితే పథకంలో ఉన్న ఆసుపత్రిలోనే చేరాలి, మిగతా చోట్ల ప్రాణాపాయం తప్పించే వరకే. ప్రమాదమేనని పోలీసులు నిర్ధారించాలి కాబట్టి 112కి వెంటనే ఫోన్ చేయండి. నా పాత పోస్టు చదివి నెల్లూరులోనో ఒంగోలులోనో ఎవరైనా అప్పు కోసం తిరుగుతుంటే, దయచేసి ముందు వాళ్ళకి ఇది చూపించండి.