కడుపు మాడిస్తే పెల్లెట్ తింటుందా? వేటచేప పిల్లల మేతపై తిరుగుతున్న తప్పుడు సలహా

ఆస్కార్, అరోవానా, కొర్రమీను లాంటి వేటచేపల పిల్లల్ని అక్వేరియంలోకి తెచ్చుకున్నవాళ్లకు ఎక్కడికెళ్లినా ఒకే సలహా ఎదురవుతోంది. "ఇవి పుట్టు వేటగాళ్లు, ప్రాణమున్నదే తింటాయి. చిన్నప్పుడు ఫీడర్ గోల్డ్‌ఫిష్ (మేతకని అమ్మే చిన్న గోల్డ్‌ఫిష్) వేసి పెంచితేనే ఎదుగుతాయి, రంగు తేలతాయి. పెల్లెట్ (గింజల్లాంటి తయారీ మేత) అలవాటు చేయాలంటే వారం పది రోజులు మాడ్చండి, ఆకలేస్తే అవే తింటాయి." దీన్ని నమ్మి పిల్లల్ని పోగొట్టుకుంటున్నవాళ్లు చాలామంది. అందుకే మాట మాటా విడదీసి చూడాలి.

"ప్రాణమున్నదే తింటాయి."

అదే నిజమైతే కొర్రమీను సాగే ఉండేది కాదు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీనును ఇవాళ చెరువుల్లో, ట్యాంకుల్లో తేలే పెల్లెట్ వేసి పెంచుతున్నారు. వియత్నాంలోని కాన్ థో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ పిల్లలకు గుడ్డు పగిలిన 17వ రోజు నుంచి రోజుకు 10 శాతం చొప్పున పాత మేత తగ్గిస్తూ తయారీ మేతకు మార్చవచ్చని తేల్చారు. కొర్రమీను జాతిదే అయిన జెయింట్ స్నేక్‌హెడ్‌కు మాత్రం 40వ రోజు దాకా ఆగి, మూడు రోజులకోసారి 10 శాతం చొప్పున మార్చాలి. రెండూ మారతాయి. మొదలుపెట్టే వయసు, మార్చే వేగమే వేరు.

పిల్ల చేప మేతను గుర్తుపట్టేది కదలికతో, వాసనతో, నోట్లో తగిలే మెత్తదనంతో. బతికున్న పురుగు తీసేసి గట్టి పెల్లెట్ వేస్తే ఈ మూడూ ఒక్క దెబ్బతో మారిపోతాయి. చేప పక్కకు తిరిగిపోవడానికి కారణం అదే. కాబట్టి ఒక్కోటి విడివిడిగా మార్చాలి.

రెండంగుళాల ఆస్కార్ పిల్లనే తీసుకుందాం. ముందుగా మేతగా వేసిన, ట్యాంకులో ఇంకా తిరుగుతున్న గప్పీలనే చిన్న చేపలను, మిగిలిన పురుగులను పూర్తిగా తీసేయాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. రాత్రి నాలుగు గప్పీలు మింగిన చేప పొద్దున పెల్లెట్ వైపు ఎందుకు చూస్తుంది? మొదట ప్రాణం లేని మెత్తని మేత ఇవ్వాలి. ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్ (గడ్డకట్టించి అమ్మే ఎర్ర పురుగులు) కరిగించి, ఫిల్టర్ నీళ్లు పడేచోట డ్రాపర్‌తో వదిలితే ప్రవాహంలో కొట్టుకుపోతూ బతికున్నట్టే కదులుతుంది. నాలుగైదు రోజులు అది తడుముకోకుండా తిన్నాక, అది కరిగిన నీళ్లలోనే 1 మిల్లీమీటరు పెల్లెట్లను రెండు మూడు నిమిషాలు నానబెట్టి, మూడొంతుల పురుగులకు ఒక వంతు పెల్లెట్ కలిపి వేయాలి. రెండు మూడు రోజులకోసారి పెల్లెట్ వంతు పెంచుకుంటూ పోవాలి. గింజ చేప కంటికన్నా పెద్దది కాకూడదు.

ఈ దశలో చేప పెల్లెట్‌ను నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది. మళ్లీ పట్టి, మళ్లీ ఉమ్మేస్తుంది. చూసేవాళ్లు "తినడం లేదు" అని చెయ్యి దులుపుకుని గప్పీ వేసేస్తారు. ఉమ్మడమంటే వద్దనడం కాదు, రుచి చూడటం. ఉమ్మిన గింజ వెంటే దిగుతూ మళ్లీ అందుకుంటే పని సగం అయిపోయినట్టే. గింజ గట్టిగా ఉందనిపిస్తే ఇంకో నిమిషం నాననివ్వండి.

పెల్లెట్‌ను అసలు నోట పెట్టని చేపకు మధ్యలో ముద్ద మేత పనికొస్తుంది. ఉడికించిన చేప కండ 100 గ్రాములు, రొయ్య 50, పెల్లెట్ పొడి 50 మెత్తగా రుబ్బాలి. ముద్ద కట్టడానికి జెలటిన్ వేస్తే మన ఎండాకాలం ట్యాంకు నీళ్లలో మెత్తబడి చెదిరిపోతుంది. దాని బదులు చైనా గ్రాస్ పొడి 2 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్లలో మరిగించి, చెయ్యి పట్టే వేడికి వచ్చాక కలిపి గట్టిపడనివ్వండి. ఫ్రీజర్‌లో ఉంచి, సన్నటి పోగులుగా తరిగి పట్టకారుతో కదిలిస్తూ ఇవ్వండి. తర్వాతి విడతల్లో పెల్లెట్ పొడి వాటా పెంచండి. తినకుండా వదిలేసింది పావుగంటలో గొట్టంతో లాగి (సైఫన్) తీసేయాలి. అది కుళ్లి నీళ్లలో అమ్మోనియా పెరిగితే చేప తిండి మానేస్తుంది, మనం మొండితనమనుకుంటాం.

"మాడిస్తే అవే తింటాయి."

ఎదిగిన ఆస్కార్ వారం తినకపోయినా తట్టుకుంటుంది. పిల్లకు ఒంట్లో అంత నిల్వ ఉండదు. పొట్ట లోపలికి పోయి, తల పెద్దదిగా, వీపు కత్తి అంచులా కనిపించేసరికి మేత వేసినా అందుకునే శక్తి ఉండదు. గుంపుగా ఉన్న కొర్రమీను పిల్లలైతే పెల్లెట్ బదులు పక్కదాన్నే మింగుతాయి. అందుకే సైజుల వారీగా వేరు చేయడం తప్పనిసరి. ఆకలి వేరు, మాడ్చడం వేరు. రెండంగుళాల లోపు పిల్లకు ఒక పూట, మహా అయితే ఒక రోజు ఎడం చాలు. మూడు నాలుగంగుళాల దానికి రెండు రోజులు. అప్పటికీ తినకపోతే ఒక మెట్టు వెనక్కి దిగి ఫ్రోజెన్ మేత ఇవ్వాలి. బతికున్న చేప మాత్రం వేయొద్దు, వేస్తే మొదటికొస్తుంది.

తెచ్చిన మొదటి రెండు మూడు రోజులు ఏ పిల్లా సరిగ్గా తినదు. ఆ రోజుల్లో అలవాటు మార్చే ప్రయత్నమే వద్దు. చలికాలం హైదరాబాద్‌లో హీటర్ లేని ట్యాంకు చల్లబడి ఆకలి మందగిస్తుంది. 27, 28 డిగ్రీల దగ్గర నిలబెట్టాకే మేత సంగతి చూడండి.

"గోల్డ్‌ఫిష్ వేస్తేనే ఎదుగుతాయి."

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. గోల్డ్‌ఫిష్ కండలో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది విటమిన్ బి1ను విరిచేస్తుంది. అదే రోజువారీ మేతైతే చేప తిండి తగ్గించి, తూలుతూ ఈది, చివరికి వణుకుతుంది. పైగా కిక్కిరిసిన తొట్టెల్లోంచి వచ్చే ఆ చేపలు తెల్లమచ్చల జబ్బును, యాంకర్ వార్మ్ అనే పరాన్నజీవిని వెంట తెస్తాయి. ప్రకృతిలో అదే తింటాయన్న వాదనా నిలవదు. అమెజాన్‌లో సిల్వర్ అరోవానా నీటి పైన పడే పురుగులు, సాలీళ్లు ఏరుకుంటుంది. ఆస్కార్ చిన్న చేపలతో పాటు పురుగులు, రొయ్యలు, పండ్లు కూడా తింటుంది. గోల్డ్‌ఫిష్ అక్కడిది కాదు.

కోడి కార్జం, గొడ్డు గుండె కూడా రోజూ పెట్టకూడదు. ఆ కొవ్వు చేపకు సరిగా అరగదు, కాలేయంలో పేరుకుంటుంది.

"పెల్లెట్‌తో రంగు పోతుంది."

ఎరుపు, పసుపు రంగులనిచ్చేవి మేతలోని కెరోటినాయిడ్లు అనే పదార్థాలు. మంచి పెల్లెట్‌లో వాటిలో ఒకటైన అస్టాజాంథిన్ కలిపే ఉంటుంది. మాంసకృత్తులు 40 శాతానికి తగ్గని, పదార్థాల జాబితాలో మొదట చేపపొడి లేదా క్రిల్ (రొయ్యలాంటి చిన్న సముద్రజీవి) ఉన్న డబ్బా ఎంచుకోండి. తెరిచిన డబ్బాను రెండు మూడు నెలల్లో వాడేయండి.

అందరికీ తెలిసిన ఆ సలహాలో నిజం ఉన్నది ఒక్కచోటే. ఎండుటాకులా కనిపించే అమెజాన్ లీఫ్‌ఫిష్ లాంటివి, అడవి నుంచి పట్టుకొచ్చిన పెద్ద చేపలు చాలాకాలం కదలికకే స్పందిస్తాయి, కొన్ని పెల్లెట్ దాకా రావు. వాటిని మాడ్చినా ఫలితం ఉండదు. పట్టకారుతో కదిలించే ఫ్రోజెన్ రొయ్య దగ్గరే ఆపి, వారానికి రెండుసార్లు దానిపై విటమిన్ చుక్కలు వేసి ఇవ్వండి.