మా ఇంటి పులుసుకు బిల్లు అడిగే 529 గారికి

మహారాజశ్రీ 529 గారికి, అమెరికాలోని ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం. మార్కెట్ పడిన రోజుల్లో మీరు క్షేమంగా లేరని స్టేట్‌మెంట్లలో చూస్తూనే ఉన్నాను.

పిల్లల కాలేజీ చదువుకు డబ్బు దాచుకునే ఖాతాగా మీరు 1996లో పుట్టారు. చదువు ఖర్చుకే తీస్తే లాభం మీద పన్ను లేదన్నారు. పన్నుల చట్టంలో మీ సెక్షన్ నంబరే మీ పేరైంది. ఇంత పెద్ద దేశంలో ఇంకో పేరు ఎవరికీ తట్టలేదు కాబోలు. మావాడి సోషల్ సెక్యూరిటీ కార్డు వచ్చిన వారానికే మిమ్మల్ని తెరిచాను. వాడి అన్నప్రాసన కూడా ఆ తర్వాతే.

పద్దెనిమిదేళ్లు నెలనెలా కట్టాను, వాడు ఏ బోస్టనో వెళ్తాడని. తీరా వాడు ఇరవై మైళ్ల దూరంలోని కాలేజీలో చేరి, మేడమీది గది ఖాళీ చేయనన్నాడు. ఆ రాత్రి వాళ్లమ్మ పాయసం చేసింది. నేను మీ రూల్స్ ముందేసుకుని కూర్చున్నాను.

డార్మ్‌లో, అంటే కాలేజీ హాస్టల్లో, ఉంటే మీకు ఏ బాధా లేదు. కాలేజీ మెస్‌కు మీల్ ప్లాన్ కట్టి పిల్లాడు ఒక్కపూటా అటు పోకపోయినా మీరు నోరెత్తరు. ఇంట్లో ఉంటే మాత్రం కాలేజీ ఇచ్చే ఖర్చుల పట్టికలో 'తల్లిదండ్రులతో ఉంటే' అన్న వరస చూడాలి. ఆ అంకె దాటకూడదు, పైగా డబ్బు నిజంగా ఖర్చయి ఉండాలి. గది మాదే కాబట్టి అద్దె లేదు. పోనీ వాడి దగ్గరే అద్దె పుచ్చుకుందామంటే, అది నా ఆదాయంలో చూపాలట! నా డబ్బు మీ దగ్గర్నుంచి వాడికి, వాడి దగ్గర్నుంచి నాకు, నా దగ్గర్నుంచి ప్రభుత్వానికి. కాశీకి నడిచి వెళ్లినా ఇంత చుట్టు ఉండదు.

ఇక మిగిలింది తిండి. సోనా మసూరి బస్తా 20 పౌండ్లు. అందులో వాడు తిన్నదెంత? విజిటర్ వీసా మీద వచ్చిన మా అమ్మ తిన్నదెంత? గోంగూర పచ్చడి వాడు ముట్టడు, అది నా ఖాతా. నెయ్యి మొత్తం వాడిదే, ఒట్టు. ఎక్సెల్‌లో 'పప్పులో వాడి వాటా' అని రాస్తుంటే మా ఆవిడ వచ్చి చూసింది. "కన్నబిడ్డ తినే ముద్దలు లెక్కపెడతారా? దిష్టి తగులుతుంది" అని లాప్‌టాప్ మూసేసింది. దిష్టికి మీ రూల్స్‌లో ఏమైనా మినహాయింపు ఉందా?

అన్నట్టు, వాడి లాప్‌టాప్ మీకు చెల్లుతుంది. ఇంటర్నెట్టూ చెల్లుతుంది. కాలేజీకి వెళ్లడానికి కారులో పోసే పెట్రోలు చెల్లదు. అంటే మంచం మీద పడుకుని స్క్రీన్ చూస్తే చదువు, క్లాసుకు బయల్దేరితే షికారు!

ఎలాగోలా, చెల్లని ఖర్చుకైనా డబ్బు తీసేద్దామంటే, లాభం వంతు మీద ఆదాయపు పన్ను, ఆపైన 10 శాతం పెనాల్టీ. మా తోడల్లుడు ఏ రసీదూ దాచకుండా తీసేశాడు. ఆయనకు నిద్ర పడుతోంది. మిగిలితే వాడి రాత్ ఐఆర్ఏ ఖాతాలోకి 35,000 డాలర్ల దాకా పంపుకోవచ్చని, మీ ఖాతాకు 15 ఏళ్లు నిండి, మిగతా షరతులూ కుదిరితేనని 2024 నుంచి ఓ వరమిచ్చారు. అది వాడి రిటైర్మెంట్‌కు. వాడింకా తన బట్టలు తాను ఉతుక్కోవడం లేదండీ.

ఏ ఏడాది ఖర్చుకు ఆ ఏడాదే తీయాలి కనుక డిసెంబరు వస్తే నాకు టెన్షన్. చెప్పుల డబ్బా నిండా రసీదులు. మొన్న ఇండియన్ స్టోర్లో వాడి పెరుగుకు వేరే బిల్లు వేయమంటే, కౌంటర్లో అబ్బాయి నా వెనకున్న లైన్ వైపు చూశాడు.

నిన్న వాడు రాత్రి పదింటికి వచ్చాడు. వాళ్లమ్మ చేపల పులుసు వేడి చేయబోతే, "బయట తినొచ్చానమ్మా" అన్నాడు. ఆవిడ ముఖం చిన్నబోయింది. గిన్నె మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేసింది.

నేను మాత్రం చెయ్యి చాపాను. "బిల్లు తెచ్చావా నాన్నా?"

ఇట్లు,
మీ ఖాతాదారుడు