పంగాసియస్ మేతలో పత్తి చెక్క: లెక్క తప్పేది లైసిన్ దగ్గర

ఎనుమాముల మార్కెట్ ఉన్న వరంగల్‌లో పత్తి గింజకు కొదవ లేదు. నూనె తీశాక మిగిలే చెక్క బర్రెల దాణాకు పోతుంది. చేపపొడి ధర మోయలేక, సోయా చెక్క కూడా బరువై, చెరువుల్లో పెంచే మీసాల చేప పంగాసియస్ రైతు దీనివైపు చూడటం సహజమే. అడ్డొచ్చేది పత్తి గింజలో సహజంగా ఉండే గాసిపాల్ విషం అన్న భయం. ఆ భయం అవసరానికి మించి ఉందనే చెప్పాలి.

అమెరికాలో చానెల్ క్యాట్‌ఫిష్ అనే మరో మీసాల చేపపై జరిగిన పరీక్షల్లో కిలో మేతలో విడి గాసిపాల్ (ప్రొటీన్‌కు అంటుకోనిది) 900 మిల్లీగ్రాములు దాటాకే ఎదుగుదల తగ్గింది. స్క్రూ ప్రెస్సులో బాగా వేడెక్కిన చెక్కలో అది సాధారణంగా 0.05 శాతం లోపే. అలాంటి చెక్క మేతలో 30 శాతం కలిపినా కిలోకు 150 మిల్లీగ్రాములే వస్తుంది. చిక్కల్లా, ఆ వేడికే గాసిపాల్ వెళ్లి, ప్రొటీన్‌లో చేప ఎదుగుదలకు తప్పనిసరైన అమైనో ఆమ్లం లైసిన్‌ను పట్టుకుంటుంది. చేపకు అరిగే లైసిన్ పడిపోతుంది. బస్తా మీది ప్రొటీన్ అంకె మాత్రం అలాగే ఉంటుంది.

28 శాతం ప్రొటీన్ మేత 100 కిలోలకు సోయా చెక్క 35, పొట్టు తీసిన పత్తి చెక్క 15, నూనె తీసిన తవుడు 30, మక్క పిండి 15, నూనె 2, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) ఒకటిన్నర, ఖనిజ విటమిన్ మిశ్రమం 1, ఉప్పు అర కిలో సరిపోతాయి. లైసిన్ దాదాపు 1.5 శాతం వస్తుంది, కావాల్సింది 1.43. అదే సోయా 20, పత్తి చెక్క 30 చేస్తే ప్రొటీన్ ఒక్క శాతం కూడా తగ్గదు, లైసిన్ మాత్రం 1.3కు దిగుతుంది. అప్పుడు 200 గ్రాముల లైసిన్ పొడి వేయాలి. నేరుగా కుప్పలో చల్లితే ఒకచోటే ఉండిపోతుంది. ముందు రెండు కిలోల తవుడులో కలిపి, ఆ తవుడును కుప్పలో కలపాలి. కొర్రమీనుకు ఈ లెక్క పనికిరాదు, దానికి ప్రొటీన్ 40 శాతం పైనే ఉండాలి.

కొనేముందు గుప్పెడు చెక్క నలిపి చూడండి. నల్ల పొట్టు, దూది పోగులు చేతికి తగిలితే అది పొట్టుతో ఆడిన చెక్క. ప్రొటీన్ 22–25 శాతమే, పీచు 20 దాటుతుంది. చేపకు అరగని ఆ పీచంతా అడుగున బురదై, అమ్మోనియా పెంచుతుంది.

వానకాలంలో గడ్డకట్టిన చెక్కను పగలగొట్టి లోపల చూడాలి. పచ్చ బూజుంటే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు. గుళికల మిషన్ వేడికి అది చావదు. పల్లి చెక్కలో ఈ బెడద ఇంకా ఎక్కువ. చేపకు పనికిరాలేదని బూజు చెక్కను బర్రెకు వేయొద్దు, ఆ విషం పాలలోకి దిగుతుంది.